అక్కమ్మ వంతు

ల్యాప్‌టాప్ మూసి, సందీప్ దాన్ని బీరువా మీద పెట్టాడు.

“దించు,” అంది ఆశ్రిత.

“దించను. గురువారం సారోళ్లు వచ్చి పోయినాక నేనే దించి ఇస్తా.”

“అది నాది.”

“పని ఇద్దరిదీ.”

ఆశ్రిత వంటింట్లోకి వెళ్లి, అటక మీది డబ్బాలు దించడానికి అత్తగారు వాడే ఎత్తుపీట తెచ్చుకుంది. భర్త చూస్తుండగానే దాని మీదికెక్కి ల్యాప్‌టాప్ దించుకుంది. పీటను తీసుకెళ్లి ఉన్నచోటే పెట్టి వచ్చింది.

హాల్లో నాగలక్ష్మమ్మ చేటలో కందిపప్పు ఏరుతోంది. కొడుకు వైపు గానీ కోడలి వైపు గానీ తల ఎత్తలేదు. నిన్న అక్కమ్మ గేటు దగ్గర నిలబడి అరిచి వెళ్లినప్పటి నుంచి ఆమె ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

“మీ పెట్టె అబద్ధం చెప్తాండాది! నేను కాదు!” అని అరిచింది అక్కమ్మ. ఆ మాట వీధంతా విన్నది.

ముత్యాలవాండ్లపల్లెలో ఐదు కుటుంబాలకు ఒకే బోరు. పగటిపూట త్రీఫేజు కరెంటు ఉన్న కొద్ది గంటల్లో ఎవరి వంతుకు వాళ్ల చేనికి నీళ్లు పారాలి. బెంగుళూరులో ఉద్యోగాలు మానుకుని వచ్చిన సందీప్, ఆశ్రిత ఆ వంతులు చూసుకోవడానికి ఒక యాప్ తయారుచేశారు. దాని పేరు కూడా ‘వంతు’ అనే పెట్టారు. యాప్ చెబితే మోటరు దగ్గరున్న పెట్టె ఒకరి వాల్వు మూసి, మరొకరి వాల్వు తెరుస్తుంది. తెరిచాక ఆ రైతు ఫోనులో పచ్చటి గుర్తు పడుతుంది. నాలుగు నెలలుగా నడుస్తోంది. గురువారం ఒక సంస్థ వాళ్లు వచ్చి చూస్తారు. నచ్చితే తనకల్లు చుట్టుపక్కల నలభై బోర్లకు పెట్టిస్తారు.

నిన్న సోమవారం అక్కమ్మ ఫోనులో పచ్చ గుర్తు పడింది. ఆమె అరెకరా టమోటాకు మాత్రం చుక్క నీరు రాలేదట. అక్కమ్మ ఇలా చెప్పడం ఇది మూడోసారి.

“నాలుగు నెలల్లో మూడు వందల వంతులు తిరిగినాయి,” అన్నాడు సందీప్. గొంతు తగ్గించి, నచ్చజెప్పే ధోరణిలో అన్నాడు. “మూడంటే మూడుసార్లు కంప్లైంటు. మూడూ ఆమె నుంచే. మిగతా నలుగురికి రాని తప్పు ఆమె ఒక్కదానికే వస్తాదా?”

“ఒక్కరికే వస్తాందంటే ఆడ ఏదో ఉండాదనే గదా.”

“ఉంటే మనం చూసినప్పుడు రావాల గదా! ఎన్నిసార్లు ప్రయత్నం చేసినావు? ఒక్కసారన్నా వచ్చిందా?”

“రాలేదు.”

“పోయిన నెల గూడా ఇట్లనే ఒక తప్పు ఎంట పడినావు. పద్దెనిమిది రోజులు. చివరికి ఏం తేలింది?”

ఆశ్రిత ముఖం ఎర్రబడింది. బోరు రైతుల్లో ఒకడైన నల్లప్ప ఫోనులో మాత్రమే యాప్ ఆగిపోతోందని ఆమె పద్దెనిమిది రోజులు ప్రోగ్రామంతా తవ్వింది. చివరికి ఆయన ఫోను అద్దం పగిలి, వేలు పెట్టినచోట పని చేయడం లేదని తేలింది. ఊళ్లో దాన్ని తలుచుకుని ఇప్పటికీ నవ్వుతారు.

“తెలిసిన తప్పులే ముప్పై ఉండాయి నా కాడ,” అన్నాడు సందీప్. “తెర మీద అక్షరాల ఒత్తులు విరిగిపోతాండాయి. సిగ్నల్ లేనిచోట తెరుచుకోదు. అవి చేసుకుందాం రేపటిలోపల. ఇది ఏందో, ఎందుకో తెల్దు. వచ్చే నెల ఎట్లాగూ సగం ప్రోగ్రాం తీసేసి కొత్తగా రాస్తాం. పడగొట్టే గోడకు పగులు యాడుందో ఎతకాల్నా?”

“తెలిసిన తప్పులు ముప్పై కాదు, మూడొందలున్నా ఆగుతాయి. అవి ఎంత చెడుపు చేస్తాయో మనకు తెలుసు. ఇది ఎందుకొస్తాందో తెల్దు. తెలీనప్పుడు, ఎంత పెద్దదో మాత్రం నీకు యాడ తెలిసింది?”

అప్పుడే నరసింహప్ప బయటి నుంచి వచ్చాడు. సందీప్ తండ్రి. రెండుసార్లు సర్పంచిగా చేసిన మనిషి, బోరు కమిటీకి పెద్ద. చెప్పులు విడుస్తూనే అడిగాడు. “ఏందప్పా, పొద్దున్నే పంచాయితీ?”

ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

“పెట్టెలో రాసుండాదా, లేదా? నీళ్లు ఇడిసినట్లు?”

“రాసుండాది మామా.”

“ఇంకేంది?”

“రాసింది నిజమా కాదా అని చూడాల.”

నరసింహప్ప నవ్వాడు. “పెట్టేమన్నా నా మాదిరి ఓట్లడిగిన మనిషామ్మా, అబద్ధం చెప్పేకి? అక్కమ్మకు వారానికి ఒక వంతు చాలక ఇంకోటి అడుగుతాండాది. అంతే. పోయినసారే చెప్పినాం, ఇంకోసారి ఉత్తగా అరిస్తే వంతే తీసేస్తామని. రేపు సాయంత్రం కూర్చుంటాం. తీసేస్తాం.”

“తీసేస్తే ఆమె చేను ఎండిపోతాది.”

“నోరు అదుపులో పెట్టుకుంటే ఎండదు.”

ఆశ్రిత ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని నిలబడింది. ఈ ఇంటికొచ్చిన రెండేళ్లలో మామగారికి ఎదురు మాట్లాడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

“మా నాయన గుంతకల్లులో ముప్పై ఏండ్లు సిగ్నళ్లు చూసినాడు మామా. సిగ్నలు ఊరికే ఎర్రగా పడిందంటే టీ తాగి నిదానంగా పోయేవాడు. రైలు ఆగతాది, అంతే గదా. ఎర్రగా ఉండాల్సింది పచ్చగా పడిందని ఎవరన్నా చెప్తే, ఒక్కసారే పడిందన్నా, తింటాండే తిండి ఇడిసి లేచేవాడు. మళ్లా పడలేదు, దానంతటదే సరైపోయింది అంటే వినేవాడు కాదు. నీళ్లొచ్చినా రాలేదని మా యాప్ చూపిస్తే మమ్మల్ని తిడతారు. రాకుండానే వచ్చినాయని చూపిస్తే తిట్టేకి గూడా వాండ్లకు దారుండదు. వాండ్లదే అబద్ధమవుతాది.”

చేటలో పప్పు గలగలమంది, ఆగింది.

“ఒక్క రోజు,” అంది ఆశ్రిత భర్తతో. “రేపు మధ్యాహ్నం దాకా. అంతలో దొరక్కపోతే నీ ముప్పై తప్పులు నీతోపాటు కూర్చుని చేస్తా. ఇంక అక్కమ్మ పేరెత్తను.”

“పోయినసారి గూడా ఒక్క రోజే అన్నావు.”

“పోయినసారి గడువు పెట్టుకోలేదు. ఈసారి నీ ముందర, మామ ముందర పెట్టుకుంటాండా.”

సందీప్ కాదని అనలేదు.

* * *

అక్కమ్మ కడవతో నీళ్లు మోస్తోంది. రోడ్డు పక్క కొళాయి నుంచి చేను దాకా రెండు ఫర్లాంగులు. ఒక్కో మొక్క మొదట్లో చెంబెడు పోసి, పక్క మొక్కకు కదులుతోంది. స్కూటీ ఆపి ఆశ్రిత గట్టు మీదికి వచ్చినా ఆమె ఆగలేదు.

“మామ పంపించినాడా, నువ్వే వచ్చినావా?”

“నేనే వచ్చినాక్కా.”

“ఏం చెప్పేకి?”

“చెప్పేకి కాదు. అడిగేకి వచ్చినా.”

అక్కమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నలభై ఐదేళ్లుంటాయి. భర్త జాకబ్ బెంగుళూరులో కట్టడం పనికి పోయి మూడు నెలలైంది. కూతురు ఎస్తేరు కదిరిలో చదువుతోంది. ఈ అరెకరా మీద చేసే పనంతా ఆమె ఒక్కదానిదే.

“నాలుగు నెలల నుంచి నన్ను ఏమన్నా అడిగినారా మ్మా ఎవరన్నా? పెట్టెనే అడుగుతారు, పెట్టె మాటే వింటారు. ఆదివారం ఎస్తేరు ఇంటికొచ్చింటే, ‘ఏమ్మా, నువ్వు కమిటీలో అబద్ధం చెప్పినావంట, నిజమేనా’ అని అడిగింది నన్ను. నా కడుపున పుట్టింది, నన్ను అడిగింది!”

ఆశ్రిత గట్టు మీదే కూర్చుంది.

“నిన్న పొద్దున ఏం జరిగిందో చెప్పక్కా. మొదట్నుంచి. చిన్నది గూడా వదలొద్దు.”

“ఏముండాది చెప్పేకి? కరెంటు తొమ్మిదికొస్తాదని తొమ్మిది లోపలే బోరు కాడికి పోయి నిలబడినా. వచ్చింది. రాంగానే చుట్టుపక్కల మోటర్లన్నీ ఒక్కసారే లేచినాయి. పెట్టె మింద ఎర్ర లైటు వెలిగింది. మళ్లా ఆరింది. మళ్లా వెలిగింది. ఇంతలో ఫోను టింగుమన్నది. పచ్చది పడింది. సరే ఇడిసినారని ఈడికొచ్చి చూస్తే చుక్క లేదు.”

“లైటు ఆరిందా?”

“ఒక్క రెప్పపాటు.”

“పోయినసారి గూడా ఆరిందా?”

“పోయినసారి నేను బోరు కాడ లేను. ఈసారి చూడాలనే పోయి నిలబడినా.” అక్కమ్మ వంగి చేనులోని నల్ల పైపు పట్టుకుంది. “నీళ్లు పోయేటప్పుడు ఇది సల్లగా ఉంటాది. నిన్న తొమ్మిదిన్నరకు పట్టుకున్నా, పదికి పట్టుకున్నా, పదకొండుకు పట్టుకున్నా. చెయ్యి కాలింది. ఇదిగో, చూడు.”

అరచేయి చాపింది. కాలిన గుర్తు ఏమీ లేదు. మట్టి, పగుళ్లు ఉన్నాయి. కానీ ఆ చెయ్యి ఆశ్రిత ముఖానికి దగ్గరగా, చాలాసేపు అలాగే ఉండిపోయింది.

“అక్కా, సోమవారం నీదే గదా మొదటి వంతు?”

“ఆఁ. కరెంటు రాంగానే నాది. ఎవరికీ వద్దనే నాకిచ్చినారు. మొదట్లో కరెంటు నిలవదు గదా.”

ఆశ్రిత లేచి నిలబడింది. ఎన్నోసార్లు ఇంట్లో బల్ల మీద ఇలాంటి పెట్టెనే పెట్టి పరీక్ష చేశారు తను, సందీప్. బల్ల మీద ఉన్న పెట్టెకు కరెంటు ఎప్పుడూ పోలేదు. ఇన్వర్టరు ఉంది.

* * *

బుధవారం తొమ్మిదికి కరెంటు వచ్చింది. సందీప్ తొమ్మిదింబావుకు బైకు మీద వచ్చాడు. రాడనే అనుకుంది ఆశ్రిత. బోరు గదిలో పెట్టెకు కరెంటు ఇచ్చే స్విచ్చి దగ్గర నిలబడి, ఫోను అతని చేతికిచ్చింది.

“సోమవారం మాదిరే చేద్దాం. ప్రతిసారీ ముందు నాలుగో వాల్వు తెరువు. అది ఆదివారం చివరి వంతు. తర్వాత ‘నాలుగు మూసెయ్, ఒకటి తెరువు’ అని చెప్పు. ఒకటి అక్కమ్మది. నువ్వు చెప్పంగానే నేను కరెంటు తీసి వేస్తా.”

“మోటరు కాలిపోతే?”

“మోటరు లైను వేరే. పెట్టెకు మాత్రమే తీస్తా.”

మొదటిసారి ఏమీ కాలేదు. పెట్టె ఆరి, వెలిగి, చెప్పినట్టే ఒకటో వాల్వు తెరిచింది. రెండోసారీ అంతే. ఐదోసారీ అంతే. ఏడోసారి తర్వాత సందీప్ చెమట తుడుచుకున్నాడు.

“చాలు ఆశ్రితా. లేని దాన్ని పుట్టించలేవు.”

“మధ్యాహ్నం కాలేదింకా.”

“రెండేండ్లు. ఉద్యోగాలు ఇడిసి వచ్చి రెండేండ్లు. రేపు ఒక్కరోజు బాగా జరిగితే మనం నిలబడతాం. నువ్వేమో...”

“స్విచ్చి లేటుగా తీస్తాండానేమో నేను. ఈసారి నువ్వు నొక్కకముందే చెప్పు, నొక్కతాండా అని.”

అతను పళ్లు బిగించి, “నొక్కతాండా,” అన్నాడు.

ఎనిమిది. తొమ్మిది. పది.

పదకొండోసారి, ఫోను నుంచి ఆజ్ఞ వెళ్లిన మరుక్షణమే లైటు ఆరింది. వెలిగింది. ఫోను టింగుమంది. పచ్చ గుర్తు పడింది.

ఇద్దరూ ఎదురుచూశారు. వాల్వు తిరిగేటప్పుడు కర్రుమనే చప్పుడు రావాలి. రాలేదు.

సందీప్ బయటికి నడిచి, అక్కమ్మ చేను వైపు వెళ్లే పైపు మీద చెయ్యి పెట్టాడు. అలాగే ఉంచాడు. చాలాసేపు తియ్యలేదు.

“మళ్లా చెయ్యి,” అన్నాడు.

పదిహేనోసారి మళ్లీ వచ్చింది. పద్దెనిమిదోసారి మళ్లీ. ఎప్పుడు వస్తుందో ఇప్పుడు వాళ్లకు తెలుసు. ఆజ్ఞ అందుకుని, పని మొదలుపెట్టకముందే పెట్టె ఆరిపోవాలి.

ఆశ్రిత రాతి మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. అరగంటలో దొరికింది. మొత్తం నాలుగు లైన్లు. పెట్టె ఆరి వెలిగినప్పుడల్లా, తాను చివరిసారి పంపిన జవాబును మళ్లీ పంపుతుంది. ఆ జవాబు ‘చేశాను’ అని. ఏ పని చేసిందో అందులో ఉండదు. నిన్నటి వంతుకు చెప్పిన ‘చేశాను’ను యాప్ ఈరోజు వంతుకు చెప్పినట్టు తీసుకుని, పచ్చ గుర్తు వేసేస్తుంది.

“ఇది రాసింది నేనే,” అంది ఆశ్రిత. “మొదటి వారం. అప్పుడు ఒక్కటే వాల్వు ఉండె. ఏ పని చేసినావని అడగాల్సిన పని లేకుండె.”

సందీప్ ఆమె పక్కన కూర్చున్నాడు. “నేను చూసినా అప్పుడే. తర్వాత సరిచేద్దామని నేనే అన్నా.”

తప్పు దొరికినప్పుడు వచ్చే ఉత్సాహం ఆశ్రితకు రాలేదు. నలభై బోర్లకు పెట్టాక ఇది ఎంతమందిని అబద్ధాలకోరుల్ని చేసి ఉండేదో అనుకుంది.

“మోటరు తిరగతానే ఉండాది,” అన్నాడు సందీప్ ఉన్నట్టుండి.

“ఆఁ.”

“ఒకటో వాల్వు తెరుచుకోలేదు. మరి నీళ్లు?”

ఆశ్రిత తల ఎత్తింది. పెట్టె పని మొదలుపెట్టకముందే ఆరిపోయింది. అంటే నాలుగో వాల్వు మూసుకోలేదు కూడా. నాలుగో వాల్వు ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

గట్ల వెంట నడిచారు. తోట కంచె దాటగానే వినిపించింది. ప్రతి చీనీ బత్తాయి చెట్టు కింద డ్రిప్పు గొట్టం నుంచి నీళ్లు కారుతున్నాయి. పాదుల్లో నిలిచి మెరుస్తున్నాయి.

ఆ తోట నరసింహప్పది.

* * *

ఇంటికొచ్చేసరికి ఆయన భోంచేస్తున్నాడు. నాగలక్ష్మమ్మ సంగటి ముద్ద వడ్డించి, ఊరిబిండి పచ్చడి గిన్నె దగ్గరికి జరిపింది. ఆశ్రిత నిలబడే చెప్పింది. పెట్టె తప్పు, తన తప్పు, అక్కమ్మ చెప్పింది నిజం. అంతా చెప్పింది.

నరసింహప్ప మధ్యలో ఆపకుండా విన్నాడు.

“దొరికింది గదా. మంచిది. సరిచేసెయ్.”

“సరిచేస్తాండా. సాయంత్రం కమిటీలో చెప్తా గూడా.”

“కమిటీలో ఏటికి? ఆమె వంతు తియ్యద్దని నేను చెప్తాలే. సరిపోతాది గదా.”

“ఆమెను అబద్ధం చెప్పేదని అన్నది కమిటీలోనే మామా. అది కాదని గూడా ఆడనే చెప్పాల.”

“రేపు సారోళ్లు వస్తాండారు. ఈ పొద్దు ఊరందరి ముందర మా యాప్ తప్పు చెప్తాదని అంటావా? బుద్ధుండే మాటేనా ఇది?”

సందీప్ అప్పటిదాకా గుమ్మం దగ్గరే ఉన్నాడు. “నాయనా,” అన్నాడు. “ఆ మూడు సోమవారాలు నీళ్లు మన తోటకు పారినాయి. నాలుగు గంటలసేపు. నువ్వు చూడలేదా?”

నరసింహప్ప ముద్ద తుంచాడు. “నాకేం తెలుస్తాది. ఆదివారం తడి ఆరకుండా ఉండిందేమో అనుకున్నా.”

“అనుకోలేదు,” అంది నాగలక్ష్మమ్మ.

రెండు రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆమె గరిటె గిన్నెలో పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

“మొదటి సోమవారం నేను గడ్డికి పోయి చూసి వచ్చి చెప్పినా నీకు. నీళ్లు పారతాండాయి, మన వంతు కాదు గదా అంటే ‘పారనీలే’ అన్నావు. రెండోసారీ చెప్పినా. మూడోసారి నువ్వే ముందు పోయి చూసి వచ్చినావు. మొన్న ఆమె గేటు కాడ అరుస్తాంటే నేను తలుపెనక నిలబడుకోని ఇన్నా. నాకు అన్నం పోలేదు.”

“నోరు ముయ్యి.”

“రెండు రోజులు మూసుకున్నా గదా.”

నరసింహప్ప కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. లేచి కోడలి ఎదురుగా నిలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే ఆశ్రితకు సులువుగా ఉండేది.

“ఇనుమ్మా. పెట్టె తప్పని చెప్పుకుంటే చెప్పుకో. నీ పేరు పోతాది, నీ ఇష్టం. నీళ్లు యాడికి పోయినాయో మాత్రం నీ నోట రాకూడదు. వచ్చిందంటే నా ఇంట్లో నీ పెట్టెలకు చోటు లేదు. నీకుందా లేదా అనేది నువ్వే ఆలోచన చేసుకో.”

“ఆలోచన చేసుకున్నా మామా,” అంది ఆశ్రిత. “అడిగితే చెప్తా.”

* * *

పాలకేంద్రం అరుగు మీద ఐదు కుటుంబాల వాళ్లూ కూర్చున్నారు. ఎండ ఇంకా తగ్గలేదు. అక్కమ్మ అరుగెక్కలేదు. మెట్టు పక్కన, నేల మీద, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. నరసింహప్ప కుర్చీ మధ్యలో ఉంది.

ఆశ్రిత లేచింది.

“అక్కమ్మ అబద్ధం చెప్పలేదు. మా యాప్ చెప్పింది. కరెంటు ఆరి వెలిగినప్పుడు పని చెయ్యకుండానే చేసినానని చెప్తాండాది. ఆ ప్రోగ్రాం రాసింది నేను. పొద్దున్న సందీప్, నేను మూడుసార్లు కండ్లారా చూసినాం. పోయిన మీటింగులో ఆమెను అన్న మాట వాపసు తీసుకోవాల. మొదట నేను తీసుకుంటాండా.”

నల్లప్ప గడ్డం గోక్కున్నాడు. “అట్లయితే మావీ తప్పుగా పడింటాయా మ్మా?”

“పడిండొచ్చన్నా. అన్నీ తీసి చూస్తా. సరిచేసేదాకా వాల్వు చేత్తో తిప్పుకోండి, పచ్చ గుర్తును నమ్మొద్దు.”

గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో నవ్వారు. ఆశ్రిత కూర్చోబోయింది.

“ఉండు మ్మా,” అంది అక్కమ్మ.

ఆమె లేచి నిలబడింది. కొంగు నడుముకు బిగించింది.

“మోటరు తిరిగింది గదా ఆ మూడు సోమవారాలు. అయితే నా నీళ్లు యాడికి పోయినాయి?”

గుసగుసలు ఆగిపోయాయి. ఆశ్రిత మామగారి వైపు తిరిగింది. ఆయన చెబుతాడేమోనని చూసింది. ఆయన రోడ్డు మీద పోతున్న గొర్రెల మంద వైపు చూస్తున్నాడు. మంద పూర్తిగా దాటిపోయేదాకా ఆమె ఆగింది.

“నాలుగో వాల్వుకు పోయినాయక్కా. మా చీనీ తోటకు. మూడు సోమవారాలూ.”

నల్లప్ప మెల్లగా అడిగాడు. “ఏందన్నా? నీకు తెలుసునా ఇది?”

నరసింహప్ప కుర్చీ చేతుల మీద చేతులు బిగించాడు. తల తిప్పి, ఒక్కొక్కరినే చూశాడు.

“తెలుసు. చెట్లు ఎండే కాలంలో అడక్కుండా నీళ్లు వస్తాంటే వద్దని ఎవడంటాడు? నువ్వంటావా నల్లప్పా? ఈడ ఎవరన్నా అంటారా?”

ఎవరూ మాట్లాడలేదు.

“నేనంటా,” అంది అక్కమ్మ.

ఆమె మెట్టెక్కింది. అరుగు మీదికి వచ్చింది. నరసింహప్ప కుర్చీకి రెండడుగుల దూరంలో ఆగింది.

“నా నీళ్లు నాకు వాపసియ్యమని అడగను. అవి నీ చెట్లు తాగేసినాయి. రేపు వచ్చే సారోళ్ల ముందర, ఊరి ముందర, అక్కమ్మ చెప్పింది నిజమని నువ్వే నీ నోటితో చెప్పాల. చెప్పేదాకా బోరు కాడ పెట్టె ముందర కూర్చుంటా. కరెంటొచ్చినా లెయ్యను, కార్లొచ్చినా లెయ్యను.”

“చూసినావామ్మా?” అన్నాడు నరసింహప్ప కోడలితో. “రేపు ఈమెను ఆడ్నుంచి లేపాల్సింది నువ్వే.”

“లేపను మామా. నేనూ ఆమె పక్కనే కూర్చుంటా.”

ఆయన నెమ్మదిగా కొడుకు వైపు తిరిగాడు. “నువ్వప్పా? నువ్వు యాడ కూర్చుంటావు?”

సందీప్ చేతిలో ఫోను మోగింది. తెర మీద పేరు పక్కనున్న ఆశ్రితకు కనిపించింది. రేపు రావలసిన సంస్థ వాళ్లే. అతను తండ్రిని చూశాడు, భార్యను చూశాడు. ఫోను ఆగకుండా మోగుతోంది. అరుగు మీద అందరూ అతని బొటనవేలి వైపే చూస్తున్నారు.

అతను ఫోను ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

“నమస్తే సార్,” అన్నాడు. “ఆఁ, ఊర్లోనే ఉండా. మీరొచ్చే ముందర మా యాప్ చెప్పిన అబద్ధం సంగతి మీకు చెప్పాల.”

“సందీపూ!” అంటూ నరసింహప్ప కుర్చీలోంచి లేచాడు.